పిల్లల మడమ నొప్పి, మీగాలి వాపు తగ్గకపోతే ఏం చేయాలి: అక్కర్లేని ఎముక పెరగకముందే వేయాల్సిన అడుగులు

పదకొండేళ్ల పిల్లవాడు పొద్దున మంచం దిగగానే మడమ నేలకు ఆనించలేక మునివేళ్ల మీద నడుస్తాడు. స్నానం చేసి, టిఫిను తిని బడికి బయలుదేరే వేళకు మామూలుగానే తిరుగుతుంటాడు. సాయంత్రం ఆడుకుని వచ్చాక మళ్లీ కాలు పట్టుకుని కూర్చుంటాడు. ఇంట్లోవాళ్లు బెణుకు అనుకుంటారు. ఆ అనుకోవడంలోనే నెలలు గడిచిపోతాయి. ఒంగోలులో పిల్లలకు ఫిజియోథెరపీ చేసే నేను ఇది రాస్తున్నది మీ ఇంట్లో ఆ నెలలు వృథా కాకూడదనే.

ఇలాంటి నొప్పి వెనుక కొందరు పిల్లల్లో జువెనైల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అనే జబ్బు ఉంటుంది. పదహారేళ్లలోపు మొదలయ్యే కీళ్లవాతాల్లో ఇదొక రకం. పెద్దవాళ్లలో సాధారణంగా నడుముతో మొదలయ్యే ఈ జబ్బు పిల్లల్లో ఎక్కువగా కాళ్లతో మొదలవుతుంది: మడమ, మీగాలు, చీలమండ, మోకాలు, తుంటి. నడుము నొప్పి కొన్నేళ్ల తర్వాత రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఆరేళ్లు దాటిన మగపిల్లల్లో ఎక్కువ, అలాగని ఆడపిల్లలకు రాదనుకోకండి.

కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు, ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంటు ఎముకలోకి దిగే చోట ఈ జబ్బు మొదలవుతుంది. పశువును కట్టిన పలుపు గుంజ దగ్గర ఎక్కువగా ఒరుసుకున్నట్టు, నడకలోని లాగుడంతా ఆ అతుకుల మీదే పడుతుంది. శరీర రక్షణ వ్యవస్థ గాడి తప్పినప్పుడు వాపు అక్కడే రగులుకుంటుంది. ఆ వాపు నెలలు, ఏళ్లు కొనసాగితే, మానే ప్రయత్నంలో శరీరం అక్కడ అక్కర్లేని ఎముకను పోస్తుంది. మడమ వెనుక, మడమ అడుగున ఎముక మొనదేలుతుంది. మీగాలి కింద ఉండే 7 టార్సల్ ఎముకల్లో కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుపోయి పాదం చెక్కలా బిగుసుకుంటుంది. మెక్సికో వైద్యులు వివరంగా వర్ణించిన ఈ స్థితిని యాంకిలోజింగ్ టార్సైటిస్ అంటారు. అందరికీ అక్కడిదాకా రాదు. కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి: వాపును మందు తగ్గించగలదు, పెరిగిన ఎముకను ఏ మందూ కరిగించలేదు. ఇక్కడ చెప్పే అడుగులన్నీ ఆ ఎముక రాకముందు మీ చేతిలో ఉన్న సమయాన్ని వాడుకోవడానికే.

మొదటి అడుగు: రెండు పాదాలనూ చేత్తో పట్టుకుని చూడండి

పిల్లవాణ్ని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచండి. వెలుతురు బాగా ఉండాలి. ముందు మడమల వెనుక చూడండి. పిక్క నుంచి దిగే గట్టి స్నాయువుకు రెండు పక్కలా మామూలుగా చిన్న పల్లాలు ఉంటాయి. వాపు ఉన్న వైపు ఆ పల్లం పూడిపోయి కనిపిస్తుంది. తర్వాత కూర్చోబెట్టి మీగాళ్లు చూడండి. వేళ్లకు వెళ్లే స్నాయువుల గీతలు ఒక పాదం మీద స్పష్టంగా ఉండి, రెండోదాని మీద మాయమై ఉబ్బెత్తుగా ఉంటే అది గమనించాల్సిన విషయం. ఏదైనా కాలివేలు మొత్తం, మొదలు నుంచి కొసదాకా, ఉబ్బి ఉందేమో కూడా చూడండి.

ఇప్పుడు బొటనవేలితో, మీ గోరు కొద్దిగా తెల్లబడేంత బలంతో నొక్కండి. స్నాయువు మడమను కలిసే చోట, మడమ అడుగున మధ్యలో, కాలివేళ్ల మొదళ్ల కింద అరికాలి మెత్త మీద, పాదం బయటి అంచులో సగం దూరాన చేతికి తగిలే ఎముక మీద. మోకాలి చిప్ప చుట్టూ, చిప్ప కింద ముందుకు పొడుచుకు వచ్చిన ఎముక మీద కూడా నొక్కండి. "నొప్పిగా ఉందా?" అని పదేపదే అడగవద్దు, పిల్లవాడి ముఖం చూడండి. కొందరు పిల్లలు ఆట మాన్పిస్తారన్న భయంతో నొప్పిని దాచేస్తారు.

చివరగా ఒక చేత్తో మడమను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పాదం ముందు భాగాన్ని మెల్లగా లోపలికీ బయటికీ తిప్పండి. రెండు పాదాలూ ఒకేలా తిరగాలి. ఒకటి బిగుసుకుని ఉంటే రాసుకోండి. బలవంతం చేయవద్దు.

రెండో అడుగు: నోటుపుస్తకం పెట్టండి

డాక్టరు గదిలో మీకు దొరికేది కొన్ని నిమిషాలు. ఆ కాసేపట్లో "ఎప్పటి నుంచి?" అంటే "చాన్నాళ్ల నుంచి" అని చెప్పడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. రోజుకు రెండు మూడు మాటలు రాస్తే చాలు: లేచాక ఎంతసేపు బిగుతుగా ఉంది, ఏ చోట నొప్పి, ఆ రోజు ఆడాడా లేదా, జ్వరం ఉందా, ఏ మాత్ర వేశారు, వేశాక ఎంత తేడా వచ్చింది. వారానికోసారి రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టించి, ఒకే చోట నుంచి ఫోనులో ఫొటో తీయండి. వాపు వస్తూ పోతూ ఉంటుంది. మీరు ఆసుపత్రికి వెళ్లిన రోజున అది లేకపోవచ్చు, అప్పుడు ఫొటోనే సాక్ష్యం.

విశ్రాంతి తీసుకున్నాక పెరిగి, కాసేపు కదిలాక తగ్గే నొప్పి వాపు జబ్బుకు గుర్తు. ఏ కీలులోనైనా వాపు 6 వారాలు దాటి ఉంటే దాన్ని బెణుకు అనుకుని వదిలేయకూడదు. నిజానికి 6 వారాల దాకా ఎదురుచూడమని నేను చెప్పను. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేకుండా వాచిన పాదం మూడో వారంలోకి వస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇంట్లో ఇంకొన్ని ప్రశ్నలు వేసుకోండి. తండ్రికో, తల్లికో, తోబుట్టువులకో చిన్న వయసులోనే నడుము బిగుసుకుపోయిందా? ఎవరికైనా కన్ను తరచుగా ఎర్రబడి, వెలుతురు చూడలేక చికిత్స చేయించుకున్నారా? సోరియాసిస్ ఉందా? పిల్లవాడికి విరేచనంలో రక్తం, తరచూ కడుపునొప్పి, బరువు తగ్గడం ఉన్నాయా? పేగుల వాపు జబ్బుకు, ఈ కీళ్ల జబ్బుకు చుట్టరికం ఉంది. కాబట్టి చెప్పడానికి సిగ్గుపడకండి.

మూడో అడుగు: చుట్టుపక్కలవాళ్లు చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా తూచి చూడండి

మన జిల్లాల్లో కాలు బిగుసుకుంటే మొదట వినిపించే మాట ఫ్లోరైడు. ఆ మాట ఊరికే పుట్టలేదు. తాగునీటి ఫ్లోరైడు వల్ల మనుషుల ఎముకలు దెబ్బతింటున్నాయని 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచే వైద్య పత్రికలో నివేదిక వచ్చింది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. ఫ్లోరోసిస్‌లో కూడా లిగమెంట్లు గట్టిపడతాయి, అక్కర్లేని చోట ఎముక పెరుగుతుంది, నడుమూ మెడా వంగవు. రెండు జబ్బుల పోలిక నిజమే. ఆ పోలికే మన పిల్లలకు చేటు చేస్తోంది.

తేడా ఇలా చూడండి. ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లకు మెల్లగా వస్తుంది. నొప్పి, బిగుతు రెండు వైపులా ఉంటాయి. పెద్దవాళ్లలో మెడ, నడుము బిగుసుకుంటాయి. పిల్లల్లో పళ్ల మీద సుద్దలాంటి తెలుపు, గోధుమరంగు చారలు, కొందరిలో మోకాళ్లు లోపలికో బయటికో వంగడం కనిపిస్తాయి. ఇంట్లో, వీధిలో అదే నీళ్లు తాగే ఇతరుల్లోనూ ఆ ఛాయలు ఉంటాయి. అంతేగానీ ఒక్క పాదం మీగాలు వెచ్చగా ఉబ్బి, పొద్దున బిగుసుకుని, మాత్ర వేస్తే తేలికై, నెల తర్వాత మళ్లీ ఉబ్బడం ఫ్లోరైడు లక్షణం కాదు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. కానీ ఆ ఫలితం ఎక్కువ వచ్చిందని పాదం వాపును అంతటితో వదిలేయకండి. పళ్లపై చారలున్న పిల్లవాడికి స్పాండిలోఆర్థ్రైటిస్ రాకూడదని ఎక్కడా లేదు. "మా ఊరి నీళ్లంతే" అన్న మాట దగ్గర ఆగిపోయే పిల్లల గురించి నాకు చాలా బాధ.

రెండోది గుండెకు సంబంధించిన కీళ్లవాతం, అంటే రుమాటిక్ జ్వరం. రక్తంలో ఏఎస్ఓ ఎక్కువ వచ్చిందని మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. ఏఎస్ఓ పెరగడానికి అర్థం ఈ మధ్య గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి సోకిందనే. బడికి వెళ్లే పిల్లల్లో అది మామూలే. రుమాటిక్ జ్వరంలో నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకు పోతుంది, వారాల్లోనే తగ్గిపోతుంది. నెలల తరబడి మడమనే పట్టుకుని ఉండదు. అయితే ఇంజక్షన్లు సొంతంగా ఆపేయకండి. గుండెకు ఎకో పరీక్ష చేయించి, ఇవి నిజంగా అవసరమా అని డాక్టరునే అడగండి. అవసరమైన పిల్లవాడికి అవి ప్రాణరక్షణ.

ఎదిగే వయసు నొప్పులు సాయంత్రమో రాత్రో రెండు కాళ్లలోనూ వస్తాయి. పొద్దునకు పిల్లవాడు హాయిగా ఉంటాడు, వాపు ఉండదు, కుంటడు. 8 నుంచి 14 ఏళ్ల మధ్య బాగా పరుగెత్తే పిల్లల్లో మడమ ఎదిగే చోట వచ్చే నొప్పి ఆటతో పెరిగి విశ్రాంతితో తగ్గుతుంది, మీగాలు వాయదు. చికున్‌గన్యా తర్వాత కూడా కీళ్ల నొప్పులు నెలలు ఉండవచ్చు కాబట్టి ఆ జ్వరం వచ్చి ఉంటే చెప్పండి. బోదకాలు అని ఎవరైనా అంటే, అది కాలంతా నీరు పట్టే వాపు. పొద్దున బిగుసుకుని కదిలితే తేలికయ్యే నొప్పి దాని లక్షణం కాదు.

బెణుకు అనుకుని కట్టు కట్టించే విషయంలో మాత్రం కాస్త కఠినంగానే చెబుతాను. పుత్తూరు కట్టు మీద మన ప్రాంతంలో ఎంత నమ్మకమో నాకు తెలుసు. కానీ ఏ కట్టయినా విరిగిన ఎముక కదలకుండా ఉంచడానికి. ఇక్కడ ఎముక విరగలేదు. వాపు ఉన్న పాదాన్ని వారాల తరబడి కట్టి కదలనివ్వకపోతే కీళ్లు మరింత బిగుసుకుంటాయి, పిక్క సన్నబడుతుంది. ఎక్స్‌రేలో విరుపు లేదని తేలితే కట్టు వద్దు. మడమ మీద వాతలు పెట్టించడం అసలే వద్దు, అది మానడానికి నెలలు పట్టే పుండు మిగులుస్తుంది. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు బయటపడిన సందర్భాలున్నాయి. పిల్లవాడి ముఖం గుండ్రంగా ఉబ్బుతుంటే ఆ పొడిని అనుమానించి డాక్టరుకు చూపించండి.

ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

తీవ్రమైన జ్వరంతో ఒక కీలు ఎర్రగా కాలిపోతూ, పిల్లవాడు కాలు కింద పెట్టలేకపోతే అది కీలులో చీము కావచ్చు. గంటలు కూడా లెక్కే. కన్ను ఎర్రబడి, నొప్పితో, వెలుతురు చూడలేకపోతే ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో కంటి లోపలి పొర వాయవచ్చు, అది కళ్లకలక కాదు. పిల్లవాడు పాలిపోయి, బరువు తగ్గి, ఒంటి మీద కమిలినట్టు నల్ల మచ్చలు వస్తూ, రాత్రి నిద్రలోంచి లేచి ఎముకల నొప్పితో ఏడుస్తుంటే రక్త క్యాన్సర్ లేదని నిర్ధారించుకున్నాకే మిగతా మాటలు. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండి, పిల్లవాడికి ఒకే కీలు మెల్లగా వాస్తుంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి.

నాలుగో అడుగు: ఎక్కడికి వెళ్లాలి, ఏం అడగాలి

మొదట పిల్లల డాక్టరు. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్నాయి. అక్కడ పిల్లల విభాగం, ఎముకల విభాగం రెండూ ఉంటాయి కాబట్టి చీము, క్షయ, విరుపు, రక్త జబ్బులు ఉన్నాయో లేవో అక్కడే తేల్చుకోవచ్చు. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందానికి కూడా పాదం చూపించమని టీచరును అడగండి. 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించి పై ఆసుపత్రికి పంపడం వాళ్ల బాధ్యత.

ఆ తర్వాత చూపించాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాతాల నిపుణులకు. పిల్లల రుమటాలజీ తెలిసినవారైతే మరీ మంచిది. హైదరాబాదు నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. వేలూరు సీఎంసీలో ఉంది. నెల్లూరువాళ్లు గూడూరు, రేణిగుంట మీదుగా కాట్పాడి వెళ్లే రైలు పట్టుకుంటే వేలూరు పక్కనే. చెన్నై కూడా దగ్గరే. వెళ్లేముందు పాత కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైలులో పెట్టండి. ఎక్స్‌రే ఫిల్ములు మడతపెట్టకండి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద ఏది వర్తిస్తుందో ఆ ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే సిబ్బందిని చికిత్స మొదలవకముందే అడగండి.

పరీక్షల గురించి ఈ కాస్త తెలిసి ఉంటే కంగారు పడరు. రక్తపరీక్షల్లో ఈఎస్ఆర్, సీఆర్‌పీ పెరిగితే వాపు ఉందని అర్థం, కానీ పాదంలో వాపు ఉన్నా అవి మామూలుగా ఉండవచ్చు. కీళ్లవాతానికి రక్తంలో వెతికే రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఈ జబ్బులో సాధారణంగా ఉండదు. అది నెగెటివ్ వచ్చిందని "వాతం లేదు" అనడం తప్పు. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనేది పుట్టుకతో వచ్చే ఒక గుర్తు. ఈ జబ్బు ఉన్న పిల్లల్లో చాలామందికి ఉంటుంది, అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఏ జబ్బూ రాదు. జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. మళ్లీ మళ్లీ డబ్బు పెట్టకండి. ఎక్స్‌రే మొదట్లో మామూలుగానే ఉంటుంది, ఎముక పెరిగాక గానీ కనిపించదు. అందుకే అవసరమైతే అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ చేస్తారు. వీటిలో రేడియేషన్ ఉండదు. ఎముక లోపలి నీరు, స్నాయువు చుట్టూ వాపు ఎంఆర్ఐలో ముందుగానే తెలుస్తాయి.

డాక్టరును ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: "వాపు పూర్తిగా తగ్గిందని మనం దేనితో తెలుసుకుంటాం, తగ్గకపోతే ఎన్నాళ్లకు మందు మారుస్తారు?" ఈ జబ్బులో వాపు తగ్గడం లేదని తెలిసీ అదే మందుతో ఏడాది లాగడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఐదో అడుగు: మందులు క్రమం తప్పకుండా

సాధారణంగా మొదట నాప్రోక్సెన్, ఇండోమెథాసిన్ వంటి వాపు తగ్గించే మాత్రలు ఇస్తారు. నొప్పి ఉన్న రోజున ఒకటి వేసుకునే మాత్రల్లా వీటిని వాడితే వాపు తగ్గదు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని వారాలు, అన్నం తిన్నాక వేయాలి. మన దగ్గర డెంగీ కాలంలో ఒక జాగ్రత్త ఉంది: కొత్తగా జ్వరం వస్తే ఈ మాత్రలు ఆపి, పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, వెంటనే డాక్టరుతో మాట్లాడండి. డెంగీలో ఇవి రక్తస్రావం ముప్పు పెంచుతాయి.

వాటితో చాలకపోతే సల్ఫాసలజిన్, మెథోట్రెక్సేట్ ఇస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే ప్రాణాపాయం. క్యాలెండరులో వారానికి ఆ ఒక్క రోజు మీద గుండ్రం చుట్టి, మాత్రల డబ్బా తల్లో తండ్రో దాచాలి. సల్ఫాసలజిన్‌తో మూత్రం నారింజ రంగులోకి మారితే భయపడకండి. ఒంటి మీద దద్దురు, జ్వరం వస్తే మాత్రం ఆపి వెంటనే చూపించండి.

బయోలాజిక్స్ అనే ఇంజక్షన్ల పేరు వినగానే చాలామంది తల్లిదండ్రులు వెనక్కి తగ్గుతారు. మొదటి మాత్రలతో స్నాయువుల అతుకుల వాపు తగ్గనప్పుడు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజిన్ కన్నా అడాలిముమాబ్ వంటి టీఎన్ఎఫ్ నిరోధకాల (వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీనును అడ్డుకునే బయోలాజిక్స్) వైపే మొగ్గమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2019 మార్గదర్శకాలు చెప్పాయి. నాలుగేళ్లు దాటిన పిల్లల్లో ఈ రకం జబ్బుకు సెకుకినుమాబ్ అనే మరో బయోలాజిక్‌ను 2021లో అమెరికా ఆమోదించింది. మన దేశంలో తయారయ్యే అడాలిముమాబ్ ఇంజక్షన్లు కొంత తక్కువ ధరకు దొరుకుతాయి. మొదలుపెట్టేముందు క్షయ లేదని పరీక్ష చేయాల్సిందే. టీకాల పట్టిక కూడా చూపించండి, ఈ మందులు వాడేటప్పుడు బతికున్న క్రిములను బలహీనపరిచి చేసే కొన్ని టీకాలు వేయకూడదు.

వీధి చివర నొప్పి ఇంజక్షన్‌తో రోజులు గడపకండి. మడమ వెనుక స్నాయువులోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఎవరైనా చేస్తామంటే ఆగి, నిపుణుణ్ని అడగండి. ఆ స్నాయువు తెగిపోయే ప్రమాదం ఉంది.

పత్యం గురించి కూడా చెప్పాలి. వంకాయ, గోంగూర, దుంపలు, పెరుగు వాతం చేస్తాయని మాన్పించి పిల్లవాణ్ని ఎండగట్టకండి. ఎదిగే ఎముకకు, కండరానికి తిండి కావాలి. నెల్లూరు చేపల పులుసు పెట్టండి, కోడిగుడ్డు పెట్టండి, పాలు పెరుగు పెట్టండి.

ఆరో అడుగు: పాదానికి ఇంట్లో చేయాల్సింది

చెప్పులతో మొదలుపెట్టండి. చీమకుర్తి గ్రానైటో, టైల్సో పరిచిన నేల మీద వట్టి కాళ్లతో నడవడం వాచిన మడమకు శిక్ష. ఇంట్లో చెప్పులు వేసుకోరాదన్న పట్టింపు ఉంటే, బయట ఎప్పుడూ వాడని, మెత్తటి రబ్బరు అడుగున్న కొత్త ఎంసీఆర్ చెప్పుల జత ఒకటి ఇంటికోసమే ఉంచండి. మంచం పక్కనే పెట్టండి, పొద్దున మొదటి అడుగు దాని మీదే పడాలి. బడి బూట్లలో మడమ కింద సిలికాన్ మెత్త పెట్టండి. అది మడమను ఒక సెంటీమీటరు ఎత్తితే స్నాయువు మీద లాగుడు తగ్గుతుంది. నొప్పి ఒక్క పాదానికే ఉన్నా మెత్త రెండు బూట్లలోనూ పెట్టాలి. బూటు వెనుక అంచు గట్టిగా ఉండి రాపిడి పెడితే ఆ జత మార్చండి. మీగాలు వాచినప్పుడు లేసులు మధ్యలో వదులుగా కట్టాలి. బడిలో ఇచ్చిన నల్లబూట్లు గట్టిగా ఉంటే, డాక్టరు చీటీ చూపించి మెత్తటి స్పోర్ట్స్ బూట్లకు అనుమతి అడగండి.

వ్యాయామానికి ముందు పొద్దున గోరువెచ్చని నీళ్లలో పాదాలు పది నిమిషాలు ఉంచండి. తర్వాత పిల్లవాడు కాళ్లు చాపుకుని కూర్చుని, తువ్వాలును పాదం ముందు భాగానికి చుట్టి, మోకాలు వంచకుండా తనవైపు లాక్కోవాలి. పిక్కలో సాగుతున్నట్టు తెలిసే చోట ఆగి, 30 లెక్కపెట్టి వదలాలి. మూడు సార్లు. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా ముందుకు వంగడం రెండోది. వెనుక మోకాలు చాచి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి చేస్తే పిక్కలోని రెండు కండరాలూ సాగుతాయి. మూడోది మీగాలి కోసం. కాలు మీద కాలు వేసుకుని, ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో పాదం ముందు భాగం పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు కాకుండా మెత్తగా లోపలికి, బయటికి పదిసార్లు తిప్పాలి. ఎముకలు అతుక్కునే ముప్పు ఉన్నది ఇక్కడే కాబట్టి దీన్ని ఒక్కరోజు కూడా వదలకండి. అరికాలి కింద టెన్నిస్ బంతి పెట్టి దొర్లించడం, నేల మీద పరిచిన గోళీలను కాలివేళ్లతో ఏరి గిన్నెలో వేయడం చిన్నపిల్లలకు ఆటలా ఉంటాయి.

ఎంత చేయాలో తెలియక చాలామంది కంగారు పడతారు. ఈరోజు చేసినదాని వల్ల మరుసటి పొద్దున బిగుతు పెరిగితే సగానికి తగ్గించండి. పెరగకపోతే అంతే కొనసాగించండి. వాపు బాగా ఉన్న రోజుల్లో బరువు మోపే వ్యాయామాలు ఆపి, కూర్చుని కదిలించేవి మాత్రం చేయాలి. మర్దన చేసేవాళ్లతో పాదాన్ని మెలిపెట్టించడం, టకటకమనిపించడం వద్దు.

ఏడో అడుగు: ఆట, బడి, మొక్కులు

ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో, వెనుక కాళ్ల మీద బరువు పడకుండా చేస్తే ఈ అతుకుల వాపు తగ్గింది. అంటే ఒత్తిడికి వాపుతో సంబంధం ఉంది. దాన్ని చూసి పిల్లవాణ్ని మంచానికి కట్టేయకూడదు, దూకే ఆటలను కొన్నాళ్లు మార్చాలి. వాపు ఉన్నప్పుడు కబడ్డీ, ఖోఖో, స్కిప్పింగు బదులు సైకిలు, ఈత. సముద్రం దగ్గరున్నవాళ్లు కొత్తపట్నంలోనో మైపాడులోనో వదులు ఇసుకలో పరుగెత్తనివ్వకండి, మడమ దిగబడి స్నాయువు విపరీతంగా లాగుతుంది. వాపు తగ్గాక ఆటలన్నీ మెల్లగా మళ్లీ మొదలుపెట్టవచ్చు. పీఈటీ సారుతో మీరే వెళ్లి మాట్లాడండి. పొద్దున కుంటుతూ వచ్చి మధ్యాహ్నం పరుగెత్తే పిల్లవాడు నాటకం ఆడటం లేదని, ఈ జబ్బు తీరే అంతని ఆయనకు తెలియాలి. ప్రార్థనలో ఎక్కువసేపు నిలబెట్టవద్దని, తరగతిలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయనివ్వమని అడగండి.

అయ్యప్ప మాల సంగతి ప్రత్యేకంగా రాయాలి. మన ఊళ్లలో తండ్రితోపాటు మాల వేసుకునే పిల్లలు ఎందరో. 41 రోజులు వట్టి కాళ్లతో నడక, ఆపై కొండ. మడమ వాచిన పిల్లవాడికి ఈ ఏడాది వద్దు. గురుస్వామితో నిజం చెప్పండి. పిల్లవాడి ఒంటి బాగు చూసుకుని వచ్చే ఏడాది వెళ్లమని చెప్పని గురుస్వామిని నేను చూడలేదు.

పాదం ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే

మందు ఎందుకని వదిలేయకండి. ఆ పాదంలోనే ఇంకా వాపు మిగిలి ఉండవచ్చు, రెండో పాదం, తుంటి, నడుము కాపాడుకోవాల్సి ఉంది. మీగాలు కదలకపోతే నడకలోని భారమంతా చీలమండ, మోకాలు, తుంటి మీద పడుతుంది కాబట్టి వాటి కదలికకు వ్యాయామాలు నేర్చుకోవాలి. ముందు భాగం కొద్దిగా పైకి లేచి, వంపుతిరిగిన గట్టి అడుగున్న బూట్లు అడుగు దొర్లడానికి సాయపడతాయి. వీటిని కృత్రిమ అవయవ కేంద్రాల్లో పాదం కొలత తీసుకుని చేస్తారు. ఆపరేషను అరుదుగా, అదీ వాపు అదుపులో ఉన్నాకే ఆలోచిస్తారు. వైకల్యం 40 శాతం, ఆపైన అని వైద్య మండలి తేల్చితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద చదువులో, ఉద్యోగాల్లో రక్షణలుంటాయి. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి దరఖాస్తు చేయడంలో చిన్నతనం ఏమీ లేదు.

పదో తరగతి అయ్యాక మన పిల్లలు చాలామంది ఇంటరు కోసం హాస్టళ్లలో చేరతారు, చికిత్స ఎక్కువగా తెగిపోయేది అప్పుడే. చేర్చేముందు వార్డెనుకు జబ్బు పేరు, మందుల పేర్లు, వేళలు ఒక కాగితం మీద రాసివ్వండి. ఇంజక్షను వాడుతుంటే దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజరులో పెట్టకూడదు. ఏ ఫ్రిజ్‌లో పెడతారో, కరెంటు పోతే ఏం చేస్తారో మీరే చూసి రండి. మంచం కింది వరసలో ఇమ్మనండి. రోజుకు పన్నెండు గంటలు కూర్చునే చదువుల మధ్య లేచి నడవడానికి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కన్ను ఎర్రబడితే ఎవరికి ఫోను చేయాలో పిల్లవాడికి నంబరుతో సహా నోటికి వచ్చి ఉండాలి. ఫైలు అసలు ఇంట్లో ఉంచుకుని, నకలు వాడి పెట్టెలో పెట్టండి. 18 దాటాక పెద్దల రుమటాలజిస్టు దగ్గరికి మారే రోజున ఆ ఫైలు పట్టుకుని మాట్లాడాల్సింది వాడే కాబట్టి, తన జబ్బు పేరు, తన మందుల పేర్లు ఇప్పటి నుంచే వాడి నోటితోనే చెప్పించండి.